ఇంట్లో సినిమా రాత్రికి నాలుగు పిజ్జాలు: వండేవాళ్ళు కూడా సినిమా చూసేలా

ఇంట్లో పిజ్జా చేశామని చెప్పేవాళ్ళు వెంటనే రెండు ఫిర్యాదులు చెప్తారు. ఒకటి, అంచు బాగానే వచ్చింది గానీ మధ్యలో తడితడిగా, మెత్తగా ఉండిపోయిందని. రెండోది, హాల్లో అందరూ సినిమా చూస్తుంటే చేసినవాళ్ళు మాత్రం పిండి చేతులతో వంటింట్లో నిలబడి క్లైమాక్స్‌ని గోడ అవతల నుంచి విన్నారని.

మొదటిదానికి కారణం ఎక్కువైన నీళ్ళు, చాలని వేడి. రెండోదానికి కారణం అన్ని పనులూ ఆ సాయంత్రమే మొదలుపెట్టడం. కింద చెప్పే పద్ధతిలో సగానికి పైగా పని ముందు రోజు రాత్రి, ఆ మధ్యాహ్నం అయిపోతుంది. మన సినిమాలకి ఎలాగూ ఇంటర్వెల్ ఉంటుంది కాబట్టి పిజ్జాలని కూడా ఫస్టాఫ్‌కి రెండు, సెకండాఫ్‌కి రెండు అని పంచేద్దాం.

లెక్క ఇది: 10 అంగుళాల పిజ్జాలు 4, ఐదారుగురికి సరిపోతాయి.

## 1. ముందు మీ ఓవెన్ సంగతి తేల్చుకోండి

పిండి కొనేముందే ఇది చూసుకోవాలి, ఎందుకంటే పిజ్జా సైజు మీ ఇష్టం కాదు, ఓవెన్ ఇష్టం.

ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, ఉంటే మంచిదే. చాలా ఓటీజీలు 230 నుంచి 250 డిగ్రీల దాకా వెళ్తాయి, అది చాలు. కానీ 20 లీటర్ల చిన్నది అయితే 10 అంగుళాలు పట్టదు, 8 అంగుళాలు చేసుకోండి. లోపల టేపు పెట్టి కొలవండి, చుట్టూ రెండు వేళ్ళ ఖాళీ ఉండాలి, లేకపోతే వేడి తిరగదు.

మైక్రోవేవ్‌లో కన్వెక్షన్, అంటే ఫ్యాన్‌తో వేడి గాలి తిప్పే పద్ధతి, ఉంటే 200 డిగ్రీలకో, 220కో పనైపోతుంది, కాకపోతే రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. కన్వెక్షన్ లేని మామూలు మైక్రోవేవ్‌లో పిజ్జా కాలదు, రబ్బరులా ఉడుకుతుంది. దానికంటే గ్యాస్ మీద పెనం నయం, 10వ భాగంలో చెప్తాను.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఈ తిప్పలు తక్కువ. ఇంట్లో పెద్ద ఓవెన్ 500, 550 ఫారెన్‌హీట్ దాకా, అంటే 260 డిగ్రీల పైన వెళ్తుంది, దాన్ని చివరిదాకా తిప్పేయండి.

ఓవెన్ కంటే ముఖ్యమైనది అందులో పెట్టే మందపాటి ఇనప పెనం. ఓటీజీతో వచ్చే పల్చటి ట్రేలో పెడితే ట్రే వేడెక్కేలోగా పైన చీజ్ అయిపోతుంది, అడుగు తెల్లగా ఉండిపోతుంది. మందపాటి ఇనుము అరగంట, నలభై నిమిషాలు వేడిని తాగి ఉంటుంది, పిండి తగలగానే ఒక్కసారిగా ఇచ్చేస్తుంది. దోసె పెనం మీద పిండి పడగానే సుయ్యిమనడం లాంటిదే ఇది. పిజ్జా స్టోన్, అంటే ఓవెన్‌లో పెట్టే మందపాటి రాతి పలక, ఉంటే వాడుకోండి, లేదని కొనక్కర్లేదు.

పెనం విషయంలో మూడు జాగ్రత్తలు:

- ప్లాస్టిక్, చెక్క పిడి ఉన్నది ఓవెన్‌లో పెట్టకూడదు.
- నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా అంత వేడి చేయకూడదు.
- నూనె రాసి పెట్టకండి, పొగ వస్తుంది. పొడిగా పెట్టండి.

ఇంకొకటి. ఓటీజీకి 16 ఆంప్స్ ప్లగ్ వాడండి, అదే సమయంలో గీజరూ ఏసీ కూడా వేసి ఎంసీబీ (మీటర్ దగ్గర ట్రిప్ అయ్యే స్విచ్) పడిపోతే సినిమా కూడా ఆగిపోతుంది. ఇళ్ళలో వాడే మామూలు ఇన్వర్టర్ ఓటీజీని మోయలేదు.

## 2. తెచ్చుకోవలసినవి

పిండికి:

- మైదా 500 గ్రాములు
- గోధుమపిండి 60 గ్రాములు
- చల్లటి నీళ్ళు 350 గ్రాములు
- ఉప్పు 12 గ్రాములు, అంటే 2 టీస్పూన్లు
- పంచదార 8 గ్రాములు, అంటే 2 టీస్పూన్లు
- నూనె దాదాపు ఒక టేబుల్ స్పూన్
- ఇన్‌స్టంట్ ఈస్ట్ 2 గ్రాములు, అంటే అర టీస్పూన్ కంటే కాస్త ఎక్కువ

పైకి:

- బెంగుళూరు టమాటాలు 700 గ్రాములు
- మోజరెల్లా 400 గ్రాములు, తురిమిన ప్యాకెట్ కాదు, ముద్ద
- వెల్లుల్లి 2 గడ్డలు, ఆలివ్ నూనె, ఒరెగానో, ఎండుమిర్చి పలుకులు
- 6వ భాగంలో చెప్పిన టాపింగులు
- ఉప్మా రవ్వ ఒక గుప్పెడు, ఎందుకో తర్వాత చెప్తాను

గ్రాముల్లో ఎందుకు చెప్తున్నానంటే, ఒకరి కప్పులో మైదా 120 గ్రాములు పడితే ఇంకొకరు నొక్కి నింపి 150 చేస్తారు, నీళ్ళ లెక్కంతా అక్కడే తప్పుతుంది. చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి, కేకులకీ పనికొస్తుంది.

గోధుమపిండి కలిపేది రుచి కోసం, రంగు కోసం. మొత్తం గోధుమపిండితో చేస్తే తవుడు వల్ల పిండి సరిగ్గా సాగదు, రొట్టెలా బిర్రుగా వస్తుంది. బ్రెడ్ ఫ్లోర్ (బ్రెడ్ కోసమే అమ్మే, ప్రొటీన్ ఎక్కువున్న పిండి) దొరికేవాళ్ళు అదొక్కటే 560 గ్రాములు వేసుకోండి, నీళ్ళు ఇంకో 15, 20 గ్రాములు తాగుతుంది.

## 3. పిండి: ముందు రోజు రాత్రి

శనివారం సినిమా అయితే శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక పిండి కలపండి. చేతి పని పావుగంట.

కలపడం. గిన్నెలో పిండి, ఈస్ట్, పంచదార కలపండి. నీళ్ళలో 330 గ్రాములు మాత్రమే పోసి, పొడి పిండి కనపడకుండా కలిపి, మూతపెట్టి 20 నిమిషాలు వదిలేయండి. ఈ 20 నిమిషాల్లో పిండి నీళ్ళు పీల్చుకుని సగం సాగుడు తనంతట తనే తెచ్చుకుంటుంది, చపాతీ పిండిని నాననిచ్చినట్టే. తర్వాత ఉప్పు, నూనె వేయండి. మరీ గట్టిగా అనిపిస్తే మిగిలిన నీళ్ళు కొద్దికొద్దిగా. మైదా బ్రాండుని బట్టి ఇది మారుతుంది, అందుకే ముందే మొత్తం పోయొద్దన్నది.

పిసకడం. 8 నిమిషాలు. మొదటి మూడు నిమిషాలు చేతికి అంటుకుని చిరాకు పెడుతుంది, అప్పుడు పొడి మైదా గుమ్మరించేస్తారు చాలామంది, అక్కడే పిజ్జా గట్టిపడేది. పొడి పిండి వేయకండి. చేతికి చుక్క నూనె రాసుకుని కొనసాగించండి, ఐదో నిమిషం దాటాక అదే నునుపుగా మారుతుంది. నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతుల వేళ్ళతో మెల్లగా సాగదీసి దీపానికెదురు పట్టుకోండి. చిరగకుండా వెలుతురు కనపడేంత పల్చటి పొర వస్తే చాలు, ఆపేయండి. చిరిగితే 5 నిమిషాలు మూతపెట్టి, మళ్ళీ 2 నిమిషాలు పిసకండి.

పొంగనివ్వడం. చలికాలంలో గంట బయట ఉంచండి. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో అయితే 20 నిమిషాలు కూడా ఎక్కువే, అసలు కలిపేటప్పుడే ఫ్రిజ్ నీళ్ళు వాడండి. దోసెల పిండి ఎండాకాలంలో ఎలా పరుగెత్తి పులుస్తుందో మీకు తెలుసు, ఇదీ అంతే.

ఉండలు. నాలుగు సమాన ఉండలు, ఒక్కోటి 230, 235 గ్రాములు. 8 అంగుళాల పిజ్జాలయితే 150 గ్రాముల ఉండలు ఆరు వస్తాయి. అంచులు కిందికి లాగి అడుగున ముడివేసినట్టు బిగించండి, పైన నునుపుగా ఉండాలి. నూనె రాసిన డబ్బాల్లో విడివిడిగా పెట్టి మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోసేయండి. ఒకే డబ్బాలో నాలుగూ పెడితే రేపటికి ఒకటైపోతాయి.

24 గంటలకి బాగుంటుంది, 48 గంటలకి ఇంకా బాగుంటుంది. మూడో రోజు దాటితే పులుపెక్కి, లాగితే చిరిగిపోతుంది. మర్నాడు పారదర్శకంగా ఉన్న డబ్బా ఎత్తి అడుగు చూడండి, చిన్నా పెద్దా బుడగలు కనపడాలి. వాసన కొంచెం పులిసిన పిండిలా, కొంచెం బ్రెడ్‌లా ఉంటుంది.

ఈస్ట్ అనుమానం ఉంటే. తెరిచిన ప్యాకెట్ అలమరలో నెలలు పడి ఉంటే అది చచ్చిపోయి ఉండొచ్చు. కాసిని గోరువెచ్చని నీళ్ళలో చిటికెడు పంచదారతో వేసి 10 నిమిషాలు చూడండి, నురగ రాకపోతే కొత్తది తెచ్చుకోండి. తెరిచాక గాలి పోకుండా బిగించి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొగలొచ్చే వేడి నీళ్ళు పోస్తే బతికున్నది కూడా చచ్చిపోతుంది.

మర్చిపోయి ఆ రోజే మొదలుపెడితే? ఈస్ట్ 5 గ్రాములు చేసి, బయటే రెండు గంటలు పొంగనిచ్చి, ఉండలు చేసి, ఇంకో అరగంట ఆగి వాడేయండి. పని జరుగుతుంది, రుచి మాత్రం సగమే.

## 4. సాస్: నీళ్ళు పోయేదాకా

నాటు టమాటాలు పప్పుకి బాగుంటాయి, ఇక్కడ కాదు. పులుపు, నీరు రెండూ ఎక్కువ. కండ ఎక్కువున్న, పొడుగ్గా గట్టిగా ఉండే బెంగుళూరు టమాటాలు తీసుకోండి, బాగా పండినవి.

కాడ దగ్గర గాటు పెట్టి మరిగే నీళ్ళలో ఒక నిమిషం ఉంచి తొక్క తీయండి. రెండుగా కోసి గింజల నీరు పిండేయండి, ఆ నీళ్ళు చారులో వేసుకోవచ్చు. మిగిలింది చేత్తో నలపండి, మిక్సీలో వేస్తే గాలి కొట్టుకుని నారింజ రంగు నురగ అవుతుంది.

2 టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనెలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి, సన్నమంట మీద ఎర్రబడకుండా వాసన వచ్చేదాకా వేపండి. టమాటా, అర టీస్పూన్ ఉప్పు, మిర్చి పలుకులు వేసి 20, 25 నిమిషాలు మూత లేకుండా ఉడికించండి. పులుపుంటే చిటికెడు పంచదార. ఒరెగానో దించాక.

అయిందో లేదో ఇలా చూడండి: ఒక చెంచా సాస్ పళ్ళెంలో పెట్టి ఒక నిమిషం ఆగండి. చుట్టూ నీటి గీత వస్తే ఇంకా ఉడకాలి. రాకపోతే దించేయండి.

పూర్తిగా చల్లారాకే వాడాలి. 10 అంగుళాల పిజ్జాకి 3 టేబుల్ స్పూన్లు, అంతే. పెట్టేటప్పుడు తక్కువే అనిపిస్తుంది, చెయ్యి ఆపుకోండి.

## 5. చీజ్, టాపింగులు: తడి తీసేయడం

ఒక్కో పిజ్జాకి 90 గ్రాముల మోజరెల్లా. తురిమి అమ్మే ప్యాకెట్లలో ముక్కలు అతుక్కోకుండా పిండి లాంటి పొడి చల్లుతారు, అందుకే అది ముద్దగా ఉన్నదాన్ని తురిమినంత సాఫీగా కరగదు. ముద్దని 15 నిమిషాలు ఫ్రీజర్లో పెట్టి తురిమితే చేతికి అంటుకోదు. నీళ్ళలో ఊరే తాజా మోజరెల్లా ఉండలు వాడితే ముందే చించి జల్లెడలో గంటసేపు నీరు కారనివ్వండి. శాండ్‌విచ్‌లకి వాడే ప్రాసెస్డ్ చీజ్ ఒక్కటే వేస్తే సాగదు. ఉప్పు రుచి కావాలంటే మోజరెల్లాకి అందులో ఐదో వంతు కలపండి.

టాపింగులన్నీ కలిపి 100 గ్రాములు దాటొద్దు. గౌర్మే అంటే గుట్ట పోయడం కాదు, వేసిన ప్రతిదీ ముందే సిద్ధం చేసి వేయడం:

- పుట్టగొడుగులు: మందంగా తరిగి, నూనె లేకుండా వేడి పెనం మీద వేపితే నీరు వదులుతుంది. అది పూర్తిగా ఇగిరాకే ఉప్పు, వెన్న, మిరియాలు.
- ఉల్లిపాయ: రెండు పెద్దవి పొడుగ్గా తరిగి, సన్నమంట మీద 30, 40 నిమిషాలు బంగారు రంగు దాటేదాకా. బిర్యానీ ఉల్లిపాయలా కరకరలాడకూడదు, జామ్‌లా మెత్తబడాలి.
- క్యాప్సికం, స్వీట్‌కార్న్: రెండు నిమిషాలు పెద్దమంట మీద వేపి, ఆరబెట్టాలి.
- వెల్లుల్లి: ఒక గడ్డ పై భాగం కోసి, నూనె పోసి, ఫాయిల్‌లో చుట్టి 200 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు. పిండితే పేస్టులా వస్తుంది.
- చికెన్: పూర్తిగా వండినదే. ఏడెనిమిది నిమిషాల్లో పచ్చి చికెన్ ఉడకదు. గ్రేవీ లేని వేపుడు ముక్కల్ని వేళ్ళతో చీల్చి వేయండి.

ఇవన్నీ చల్లారాక డబ్బాల్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచొచ్చు.

## 6. నాలుగు పిజ్జాల వరస

నేను పెట్టే వరస ఇది. ఫస్టాఫ్‌కి తేలికవి, ఇంటర్వెల్‌కి ఘాటువి.

ఒకటి: సాస్, మోజరెల్లా, ఓవెన్ నుంచి తీశాక బేసిల్ ఆకులు, పైన ఆలివ్ నూనె. బేసిల్ బదులు తులసి కోట దగ్గరికి వెళ్ళకండి, లవంగం ఘాటుతో పిజ్జా కషాయంలా ఉంటుంది. బేసిల్ దొరక్కపోతే ఆకే వద్దు.

రెండు: పిల్లలకి. సాస్, చీజ్, స్వీట్‌కార్న్, క్యాప్సికం. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు, ముందు అయిపోయేది మాత్రం ఇదే.

మూడు: తెల్ల పిజ్జా. టమాటా సాస్ ఉండదు. కాల్చిన వెల్లుల్లి పేస్టు రెండు చెంచాల వెన్నతో కలిపి రాసి, చీజ్, వేపిన పుట్టగొడుగులు, దంచిన మిరియాలు.

నాలుగు: గోంగూర. తెలంగాణలో పుంటికూర. కట్ట ఆకులు కడిగి, బట్ట మీద పరిచి తడి పూర్తిగా ఆర్చి, రెండు చెంచాల నూనెలో నాలుగు పచ్చిమిర్చి, ఆరు వెల్లుల్లి రెబ్బలతో ముద్ద అయ్యేదాకా వేపండి. పిజ్జా మీద ఇది ఒకటిన్నర టేబుల్ స్పూన్లకి మించొద్దు, పులుపు మోగిపోతుంది. దాని మీద చీజ్, జామ్‌లా చేసిన ఉల్లిపాయ, చికెన్ వేపుడు ముక్కలు. శాకాహారులు పనీర్ ముక్కల్ని పెనం మీద ఎర్రగా కాల్చి వేసుకోండి. ఉల్లిపాయ తీపి, గోంగూర పులుపు, చీజ్ ఉప్పు కలిసినప్పుడు మాట్లాడరు ఎవరూ.

తీశాక దీని మీద చెంచాడు ఆవకాయ నూనె చిలకరించండి. ముక్క, ఆవపిండి రాకుండా పైన తేరిన నూనె మాత్రమే.

## 7. ఆ సాయంత్రం టైమ్ టేబుల్

సినిమా 8:30కి అనుకుందాం. ఇంటర్వెల్ ఎన్నో నిమిషానికి వస్తుందో ముందే ఒకసారి వేలితో జరిపి చూసుకోండి. ఇంటర్వెల్ లేని ఇంగ్లీషు సినిమా అయితే సగంలో మీరే ఆపండి.

- 5:30: చలికాలమైతే పిండి బయటికి. ఎండాకాలమైతే 6:30కి.
- 6:45: సాస్, చీజ్, టాపింగులు పిజ్జా వారీగా చిన్న గిన్నెల్లో.
- 7:00: పెనం లోపల పెట్టి ఓవెన్ చివరిదాకా. రెండు రాడ్లూ ఆన్.
- 7:40: మూడు, నాలుగు పిజ్జాల బేస్‌లు సగం కాల్చడం.
- 8:02: మొదటి పిజ్జా. 8:18: రెండోది. సరిగ్గా ఏ సినిమా పెట్టాలని అందరూ వాదించుకునే సమయం ఇది, వేడిగా ఇచ్చేయండి.
- 8:27: ఓవెన్ ఆఫ్. వచ్చి కూర్చోండి.
- ఇంటర్వెల్‌కి 25 నిమిషాల ముందు: లేచి స్విచ్ వేసి వచ్చేయండి. పెనంలో ఇంకా వేడి ఉంటుంది కాబట్టి ఈసారి 40 నిమిషాలక్కర్లేదు.
- ఇంటర్వెల్: మూడు, నాలుగు ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో ఐదేసి నిమిషాల గ్యాప్‌తో కలిపి పావుగంట.

సగం కాల్చడం అంటే: బేస్ సాగదీసి, మధ్యలో చుక్క నూనె రాసి, ఫోర్కుతో పది పోట్లు పొడిచి, 4 నిమిషాలు కాల్చి తీసేయాలి. అంచు లేత రంగులో గట్టిపడుతుంది. తీసి పళ్ళెంలో పెడితే అడుగున చెమట పట్టి మెత్తబడుతుంది. గాలి ఆడే తీగల జాలీ మీద పెట్టండి. అది లేకపోతే ఆర్పేసి చల్లారిన గ్యాస్ స్టవ్ ఇనప స్టాండ్ మీద పెట్టండి, కింద నుంచి గాలి తగులుతుంది. ఇంటర్వెల్‌లో టాపింగులు వేసి 5 నిమిషాలు కాలిస్తే చాలు, చేతికి పిండి అంటదు.

## 8. సాగదీసి, పేర్చి, జార్చడం

అప్పడాల కర్ర పక్కన పెట్టేయండి. కర్రతో ఒత్తితే రాత్రంతా తయారైన బుడగలన్నీ పోతాయి, అంచు బిస్కట్టులా వస్తుంది.

ఉండని పొడి మైదాలో రెండు వైపులా అద్ది, మధ్య నుంచి బయటికి వేళ్ళ కొనలతో నొక్కుకుంటూ వెళ్ళండి. చివర అర అంగుళం వదిలేయండి, అదే అంచు. తర్వాత రెండు పిడికిళ్ళ మీద వేసుకుని తిప్పుతూ దాని బరువుకే సాగనివ్వండి. వెనక్కి ముడుచుకుంటుంటే కొట్లాడొద్దు, 10 నిమిషాలు గుడ్డ కప్పి వదిలేస్తే అదే లొంగుతుంది.

ఇప్పుడు ఉప్మా రవ్వ. తిరగేసిన స్టీలు పళ్ళెం మీదో, సాఫీగా ఉన్న అట్టముక్క మీదో రవ్వ పల్చగా చల్లి, దాని మీద బేస్ పెట్టండి. రవ్వ గింజలు చక్రాల్లా పనిచేసి పిజ్జాని జారనిస్తాయి. ముందుకీ వెనక్కీ ఊపి కదులుతోందో లేదో చూశాకే సాస్ వేయండి. వేసినప్పటి నుంచి పెనం మీదకి వెళ్ళేదాకా ఒకటిన్నర నిమిషం కంటే ఆగకూడదు.

ఈ ఒకటిన్నర నిమిషం నాకెలా తెలిసిందంటే, నా మొదటి పిజ్జాకి అన్నీ పేర్చి, ఫోన్ వస్తే పది నిమిషాలు మాట్లాడి వచ్చాను. ఈలోగా పిండి పళ్ళేనికి అతుక్కుపోయింది. విసురుగా జార్చితే చీజూ ఉల్లిపాయలూ మాత్రం ఎగిరి కాలుతున్న పెనం మీద పడ్డాయి, పిండి పళ్ళెం మీదే ఉంది. ఇల్లంతా పొగ. మా బావగారు కిటికీలు తీస్తూ, "ఉప్మా రవ్వ ఉందామ్మా ఇంట్లో?" అని అడిగారు. ఆయన అడిగింది టిఫిన్ గురించి.

భయంగా ఉంటే ఓవెన్‌కి పనికొస్తుందని రాసి ఉన్న బేకింగ్ పేపర్ మీద పిజ్జా చేసి పేపర్‌తో సహా పెనం మీదకి జార్చండి, 3 నిమిషాలయ్యాక పేపర్ లాగేయండి. దాని మీద ఎన్ని డిగ్రీల దాకా అని రాసి ఉంటుంది, చూసుకోండి. స్వీట్ షాపుల్లో వాడే పల్చటి బటర్ పేపర్ వేరు, అది పొగలొచ్చి పిండికి అతుక్కుపోతుంది.

పేర్చే వరస: సాస్ అంచు దాకా వద్దు. తర్వాత చీజ్, మధ్యలో కొంచెం తక్కువగా, కరిగి ఎలాగూ మధ్యకే వస్తుంది. టాపింగులు చీజ్ మీద. చివరగా అంచుకి నూనె చేత్తో రాయండి.

## 9. కాల్చడం

పెనం కింది నుంచి రెండో అరలో ఉండాలి. పిజ్జా జార్చి తలుపు వెంటనే మూసేయండి. 4వ నిమిషానికి పిజ్జాని సగం తిప్పండి, ఓటీజీలో వెనక వైపు వేడి ఎక్కువ. 7, 8 నిమిషాలకి అయిపోతుంది. పైన రంగు రాకపోతే చివరి నిమిషంన్నర పై రాడ్ మాత్రమే ఉంచి దగ్గరే నిలబడండి, బంగారు రంగుకీ బొగ్గుకీ మధ్య ముప్పై సెకన్లే.

అట్లకాడతో అంచు ఎత్తి చూడండి. చిరుతపులి మచ్చల్లా గోధుమ రంగు మచ్చలుంటే తీసేయొచ్చు.

ఒక పిజ్జాకీ ఇంకోదానికీ మధ్య 8 నిమిషాలు ఖాళీ ఇవ్వండి, పెనం మళ్ళీ వేడెక్కాలి. సగం కాల్చిన బేస్‌లకైతే 5 చాలు. తొందరపడి వెంటనే పెడితే రెండోది తెల్లబోతుంది. పెనం మీద మాడిన రవ్వని పొడి గుడ్డని పటకారుతో పట్టుకుని తుడిచేయండి, లేకపోతే రెండో పిజ్జా అడుగు చేదెక్కుతుంది.

## 10. ఓవెన్ లేకపోయినా, కరెంటు పోయినా

మందపాటి ఇనప పెనం, లోతైన మూత. గ్యాస్ మీద మధ్యస్థంగా 5 నిమిషాలు వేడి చేసి, 8 అంగుళాల బేస్ వేయండి. పైన బుడగలు లేచి, అడుగు మచ్చలు పడగానే, అంటే రెండు నిమిషాలకి, తిరగేయండి. మంట బాగా తగ్గించి, కాలిన వైపు మీద సాస్, చీజ్, టాపింగులు వేసి మూతపెట్టండి. 4, 5 నిమిషాల్లో చీజ్ కరుగుతుంది. చివరి నిమిషం మూత కొంచెం తెరిచి ఉంచండి, లేకపోతే ఆవిరి చుక్కలు చీజ్ మీద పడతాయి.

చీజ్ ఎర్రబడదు, అది తప్ప లోటేం లేదు.

## 11. ఎక్కడ తప్పు జరిగింది?

- మధ్యలో తడి: సాస్ నీళ్ళు ఇగరలేదు, లేదా టాపింగులు ఎక్కువ. ఇప్పటికిప్పుడైతే పిజ్జాని గ్యాస్ మీద వేడి పెనం మీద 2 నిమిషాలు ఉంచండి.
- అడుగు తెల్లగా: పెనం చాలినంత వేడెక్కలేదు. ఓవెన్ లైటు ఆరిపోవడం నమ్మొద్దు, అది గాలి వేడెక్కిందని చెప్తుంది, ఇనుము సంగతి చెప్పదు.
- అడుగు మాడి పైన పచ్చి: పెనం ఒక అర పైకి జరపండి.
- చీజ్ నూనె వదిలి గట్టిపడింది: ఎక్కువసేపు కాలింది. తర్వాతిదానికి చీజ్ ఫ్రిజ్ నుంచి చల్లగా వేయండి.
- సాగదీస్తుంటే చిల్లు పడింది: పక్క పిండి లాగి మడిచి నొక్కండి. పెద్ద చిల్లయితే దాన్ని సగానికి మడిచి, లోపల టాపింగు పెట్టి, కజ్జికాయలా అంచు నొక్కి కాల్చేయండి, అలా చేయాలనే చేశానని చెప్పొచ్చు.
- పళ్ళేనికి అతుక్కుంది: అంచు ఎత్తి కింద రవ్వ తోయండి. కదలకపోతే కుట్టు దారం రెండు చేతులతో బిగించి అడుగు నుంచి లాగండి.

## 12. చీకట్లో తినడానికి

తీశాక 2 నిమిషాలు ఆగి కోయండి, లేకపోతే చీజ్ మొత్తం మొదటి ముక్కతో వెళ్ళిపోతుంది. పిజ్జా కట్టర్ కంటే వంటింటి కత్తెర బాగా పనిచేస్తుంది. త్రికోణాలుగా కాకుండా రెండంగుళాల చదరాలుగా కోయండి. చీకట్లో, కళ్ళు తెర మీద ఉన్నప్పుడు, ఒక్క చేత్తో నోట్లో పెట్టుకునే సైజు అది, సోఫా మీద సాస్ పడదు.

ముక్కలు మిగిలితే మర్నాడు పెనం మీద సన్నమంటకి పెట్టి, పక్కన రెండు చుక్కల నీళ్ళు వేసి మూతపెట్టండి. మైక్రోవేవ్ వద్దు.

పిండి ఉండ మిగిలితే నూనె రాసి కవర్లో కట్టి ఫ్రీజర్లో పెడితే నెల దాకా ఉంటుంది. మా ఇంట్లో అంతదాకా ఆగదు. ఆదివారం పొద్దున్నే దాన్ని చేత్తో మందంగా తట్టి, సన్నమంట మీద పెనం మీద రెండు వైపులా కాల్చి, వేడివేడిగా నెయ్యి రాసి కారప్పొడి చల్లేస్తాం.